దారి చూసి పెట్టిన క్లబ్: పశ్చిమ కింగ్‌స్టన్ నుంచి ఒక కేస్ స్టడీ

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో, స్పానిష్ టౌన్ రోడ్డుకి పైన ఉన్న పేటల్లో ఒకచోట, చర్చి వెనక హాల్లో మా పిల్లల క్లబ్ నడుస్తోంది. స్కూలు వదిలాక ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలు వస్తారు. తింటారు, ఆడతారు, కాసేపు చదువుకుంటారు, చీకటి పడేలోపు ఇళ్ళకి పోతారు. పేట పేరూ వీధి పేరూ ఇక్కడ రాయడం లేదు. పిల్లల గురించి చెప్పిన చోట గుర్తులు కొన్ని మార్చాను. నిధులు, అనుమతులు, లెక్కలు నా పని. పిల్లలతో రోజూ ఉండేది మాత్రం అక్కడే పుట్టి పెరిగిన ముగ్గురు ఆడవాళ్ళు. క్లబ్‌ని నడిపేది వాళ్ళే, నేను కాగితాలు నడుపుతాను.

అమెరికా, కెనడాల్లో ఉన్న మనవాళ్ళు, పిల్లల్ని కరీబియన్ మెడికల్ కాలేజీల్లో చేర్పించి ఈ దీవుల వైపు ఒకసారి వచ్చిపోయినవాళ్ళు అప్పుడప్పుడూ అడుగుతుంటారు: "మేం కూడా ఇలాంటిదొకటి పెడదామనుకుంటున్నామండీ, ఎంతవుతుంది?" ఎంతవుతుందన్నది తర్వాత చూసుకోవచ్చు. పిల్లాడు ఇంటి నుంచి అక్కడికి ఏ దారిన వస్తాడు, ఎన్ని గంటలకి ఎవరితో తిరిగి వెళ్తాడు అన్నది తేలకపోతే డబ్బున్నా క్లబ్ నిలబడదు. మా దగ్గర తిండి వేళలు, జీతాలు, ఆఖరికి పిల్లల చొక్కా రంగు కూడా ఈ ఒక్క ప్రశ్న నుంచే తేలాయి. అందుకని ఈ కేస్ స్టడీలో సిలబస్ గురించి తక్కువ, దారి గురించి ఎక్కువ ఉంటుంది.

ఏ వీధి ఎవరిది

పశ్చిమ కింగ్‌స్టన్ పేటల్ని అక్కడ గ్యారిసన్లు అంటారు. 1960ల్లో బ్యాక్-ఓ-వాల్ అనే మురికివాడని బుల్డోజర్లతో తీసేసి ఆ జాగాలో టివోలీ గార్డెన్స్ కట్టారు. కట్టించింది ఆ నియోజకవర్గం ఎంపీ, అప్పటి మంత్రి ఎడ్వర్డ్ సియాగా. ఇళ్ళు ఆయన పార్టీ మనుషులకి దక్కాయి. అవతలి పార్టీకి అధికారం వచ్చినప్పుడు వాళ్ళూ అదే పని చేశారు. ఇల్లు, కూలిపని, ఓటు మూడూ ఒకే చేతి కిందకి చేరాక, ఆ చేతికి తుపాకీ అందడం ఎంతసేపు! 1980 ఎన్నికల ఏడాదిలో దేశం మొత్తమ్మీద ఎనిమిది వందలకు పైగా హత్యలు జరిగాయి. తర్వాత మాదకద్రవ్యాల డబ్బు వచ్చిపడేసరికి రాజకీయ నాయకుల మాట కన్నా పేటలో డాన్ మాటే పెద్దదైంది. 2010 మే నెలలో క్రిస్టఫర్ కోక్ అనే డాన్‌ని అమెరికాకి అప్పగించడానికి సైన్యం, పోలీసులు టివోలీలోకి దిగినప్పుడు దాదాపు డెబ్బై మంది పౌరులు చనిపోయారు. మా దగ్గర పనిచేసే ఒకావిడ ఆ రోజుల గురించి ఇప్పటికీ మాట్లాడదు. మంచం కింద పిల్లల్ని పడుకోబెట్టుకున్నామని మాత్రం ఒకసారి అంది.

ఎనిమిదేళ్ళ పిల్లకి ఈ చరిత్ర తెలీదు గానీ ఏ వీధి దాటకూడదో తెలుసు. అక్కడ గోడ ఉండదు, బోర్డు ఉండదు. రెండు పక్కలా అవే జింకు రేకుల కంచెలు, అవే కుక్కలు, అదే కుళాయి. అయినా ఒక వీధి మొగ దగ్గరికి రాగానే పిల్లలు ఆగిపోతారు. ఒక్కోసారి గొడవ చల్లారి నెలల తరబడి అటూ ఇటూ తిరుగుతారు, మళ్ళీ ఏదో జరిగి దారి మూసుకుపోతుంది. 2024, 2025 సంవత్సరాల్లో జమైకాలో హత్యలు బాగా తగ్గాయి. అది నిజం, సంతోషం కూడా. అంతమాత్రాన అమ్మమ్మలు మనవల్ని ఆ వీధి దాటనివ్వరు. లెక్కలు తగ్గిన వెంటనే భయం తగ్గదు.

క్లబ్‌కి చోటు వెతికినప్పుడు మా ముందు మూడు ఉన్నాయి. ఒకటి ప్రభుత్వం కట్టిన కమ్యూనిటీ సెంటర్: పెద్దది, ఫ్యాన్లున్నాయి, అద్దె లేదు. ఇంకోటి మెయిన్ రోడ్డు మీద ఖాళీగా ఉన్న షాపు. మూడోది చర్చి వెనక హాలు: వానొస్తే ఒక మూల కారుతుంది, మరుగుదొడ్డి ఒక్కటే. కాగితం మీద మార్కులేస్తే కమ్యూనిటీ సెంటరే గెలుస్తుంది. చోటు ఖాయం చేసే ముందు మాత్రం తల్లులనీ అమ్మమ్మలనీ వెంటబెట్టుకుని ఇంటింటి నుంచీ నడిచి చూశాం. కమ్యూనిటీ సెంటర్‌కి వెళ్ళాలంటే సగం ఇళ్ళ పిల్లలు ఒక 'కార్నర్' దాటాలి. అంటే కుర్రాళ్ళు పొద్దస్తమానం కూర్చునే మూల, గొడవొస్తే తూటా ముందు తగిలే మూల. షాపు దగ్గర ట్రాఫిక్ ఎక్కువ. చర్చి హాలుకి రెండు పేటల నుంచీ వేర్వేరు దారులున్నాయి, రెండు గేట్లున్నాయి. పైగా ఆదివారం రెండు వైపుల వాళ్ళూ అక్కడికి వచ్చే అలవాటు ముందు నుంచీ ఉంది. కారే మూలకి బకెట్ పెట్టుకుని అక్కడే మొదలుపెట్టాం.

రంగుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దేశంలో పెద్ద పార్టీలు రెండు: పీఎన్‌పీది నారింజ, సియాగా పార్టీ జేఎల్‌పీది ఆకుపచ్చ. ఎన్నికలు దగ్గర పడితే ఈ పేటల్లో పెద్దవాళ్ళే బట్టలు చూసుకుని వేసుకుంటారు. విదేశాల్లో ఉన్న ఒక దాతల బృందం మాకు ఒక బ్యారెల్ నిండా టీ షర్టులు పంపింది. నాణ్యమైనవి, వెనకాల క్లబ్ బొమ్మ కూడా ముద్రించారు. మూత తీశాం, చిలకపచ్చ! మా పెద్దావిడ ఒక చొక్కా పైకెత్తి చూసి, మడత పెట్టి లోపలే పెట్టేసింది. "వీటిని నేలతుడవడానికి వాడదాం సర్" అంది. అలాగే వాడాం. ఇప్పుడు మా పిల్లలవి ముదురు నీలం చొక్కాలు. కొత్త దాత ఎవరొచ్చినా వాళ్ళకి పంపే మొదటి కాగితంలో రంగుల గురించి ఒక పేరా ఉంటుంది. చదివి నవ్వుకునేవాళ్ళున్నారు. నవ్వుకోనీ.

"డాన్ అనుమతి తీసుకున్నారా?" అని అందరూ అడుగుతారు. ఎవరి దగ్గరికీ వెళ్ళి అడగలేదు, ఎవరి దగ్గరా దాచలేదు. ఏం చేయబోతున్నామో చర్చి పెద్దలు, అమ్మమ్మలు పేటంతా చెప్పారు. ఆ మాట చేరాల్సిన చోటికి చేరుతుంది. మేం పెట్టుకున్న కట్టుబాట్లు రెండు. డాన్‌ల డబ్బు ఒక్క డాలరు కూడా తీసుకోం, బిస్కెట్ల ప్యాకెట్ అయినా సరే. మా డబ్బుతో వాళ్ళ మనుషులకి 'కాంట్రాక్టులు' ఇవ్వం. హాలుకి రంగులు వేయిద్దామనుకున్నప్పుడు, పని తమవాళ్ళకే ఇవ్వాలని ఇద్దరు వచ్చి మర్యాదగానే చెప్పారు. పనే మానేశాం. తర్వాత ఒక శనివారం తల్లులు వాళ్ళంతట వాళ్ళే బ్రష్షులు పట్టుకొచ్చి వేసుకున్నారు. దానికి ఎవరూ అడ్డురాలేదు.

గడియారం

స్కూళ్ళు మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య వదులుతారు. తల్లి హోటల్లోనో, ఎవరింట్లోనో పనిచేసి బస్సెక్కి వచ్చేసరికి ఏడు. మధ్యలో ఉన్న ఈ నాలుగు గంటల్లోనే క్లబ్. మొదలుపెట్టే వేళ స్కూలు చేతిలో ఉంది. ముగించే వేళ సూర్యుడి చేతిలో ఉంది. డిసెంబర్‌లో కింగ్‌స్టన్‌లో ఐదున్నర దాటగానే పొద్దుగుంకుతుంది, జూన్‌లో ఆరూ ముప్పావు దాకా వెలుతురుంటుంది. కాబట్టి మా మూసివేత వేళ ఏడాది పొడవునా ఒకటి కాదు. పొద్దుగుంకడానికి ముప్పావుగంట ముందు ఆట ఆగాలి. చలికాలంలో దీనివల్ల చదువుకునే సమయం బాగా కోసుకుపోతుంది. "ట్యూబ్ లైట్లు పెట్టి ఏడింటి దాకా నడపొచ్చుగా" అని ఒక దాత సలహా ఇచ్చారు. హాల్లో లైట్లున్నాయి, సందుల్లో లేవు.

ఇంటికి పంపడం మాకు ఒక కార్యక్రమం. పిల్లలు వీధుల వారీగా వరసలో నిలబడతారు. ఒక్కో వరసకి ఒక ఆవిడ ముందు, పెద్దపిల్లల్లో ఒకరు వెనక. ఎవరింటి గేటు దగ్గర వాళ్ళని వదులుతారు. ఇంట్లో పెద్దవాళ్ళు కనబడితేనే వదులుతారు. లేకపోతే ఆ పిల్ల తర్వాతి ఇంటి దాకా నడిచి, పక్కింటి ఆవిడ దగ్గర ఆగుతుంది. ఆ పక్కింటావిడ ఎవరో చేర్చుకునేటప్పుడే తల్లితో రాయించుకుంటాం. మా చేరిక ఫారంలో పిల్లల ఇష్టాలు, ఆశయాలు లాంటి గళ్ళు లేవు. ఏ గేటు, ఏ దారి, అమ్మ లేకపోతే ఎవరు, ఎవరికి అప్పగించకూడదు అనే నాలుగు ప్రశ్నలే ఉన్నాయి. నాలుగో ప్రశ్నకి జవాబు రాసేటప్పుడు తల్లులు కలం ఆపి మా వైపు చూస్తారు. మేం చర్చ పెట్టం, రాసింది తీసుకుంటాం.

ఆరేళ్ళలోపు వాళ్ళని చేర్చుకోకూడదన్నది నియమం. జమైకాలో పసిపిల్లల కేంద్రాలకి 2005 నాటి చట్టం ఉంది, ఎర్లీ చైల్డ్‌హుడ్ కమిషన్ తనిఖీలుంటాయి. మన అంగన్‌వాడీలాంటిది నడపాలంటే ఆ గది కొలతలు, ఆ మనుషులు, ఆ అర్హతలు మాకు లేవు. నియమం బాగానే ఉంది గానీ, పదేళ్ళ అక్క నాలుగేళ్ళ తమ్ముణ్ణి చంకనెత్తుకుని గేటు దగ్గర నిలబడుతుంది. తమ్ముణ్ణి పంపేస్తే అక్క కూడా వెళ్ళిపోతుంది. ఇలా మానేసేది ఎక్కువగా ఆడపిల్లలే. చివరికి, దగ్గర్లోనే లైసెన్సున్న ఒక పసిపిల్లల బడితో మాట్లాడుకుని, అలాంటి చిన్నవాళ్ళ మధ్యాహ్నం ఫీజు మేం కడుతున్నాం. అక్క తమ్ముణ్ణి అక్కడ దింపి ఇక్కడికి వస్తుంది. బడ్జెట్లో ఈ పద్దు చూసిన దాతలకి అర్థం కాదు: "మీ క్లబ్‌లో లేని పిల్లల ఫీజు మీరెందుకు కడుతున్నారు?"

తిండి, ఆట, చదువు

రాగానే తిండి. చివర్లో పెడితే పిల్లలు చివరికే వస్తారు, పైగా ఖాళీ కడుపుతో లెక్కలు చెప్పడం శుద్ధ దండగ. సోమవారం మొక్కజొన్న పిండి జావ, జాజికాయ పొడి, కండెన్స్‌డ్ మిల్క్ వేసి. మధ్యలో అన్నంలో చికెన్ బ్యాక్ కూరో, డబ్బా మాకరెల్ చేపో. కలలూ దొరికితే అది కూడా. కలలూ అంటే మన తోటకూర జాతే. వేపుడులో ఎండుమిర్చి వేస్తే మనింట్లో తిన్నట్టే ఉంటుంది. శుక్రవారం వంట పెద్దదిగా ఉంటుంది. జమైకా స్కూళ్ళలో శుక్రవారం హాజరు పడిపోతుందన్నది అక్కడ టీచర్లందరికీ తెలిసిన సంగతే. వారం చివరికొచ్చేసరికి ఇంట్లో లంచ్ డబ్బులు, టాక్సీ డబ్బులు అయిపోతాయి. 'పాత్' అనే ప్రభుత్వ పథకం కింద పేద కుటుంబాలకి నగదు ఇస్తారు, దానికి పిల్లల హాజరు 85 శాతం ఉండాలి. వారానికొక శుక్రవారం పోతే హాజరు 80 శాతానికి దిగుతుంది. అంటే ఆ ఒక్కరోజు టాక్సీ డబ్బు లేక మొత్తం నగదుకే ఎసరు. మా శుక్రవారం వంట సంగతి పేటలో తెలిసిపోయాక, 'స్కూలుకి వెళ్ళినవాళ్ళకే క్లబ్' అన్న నియమం పెట్టాలా అని చర్చ జరిగింది. నేను పెడదామన్నాను. ముగ్గురు ఆడవాళ్ళూ ఒక్కమాటగా వద్దన్నారు. స్కూలుకి పోలేని రోజున పిల్లాడు ఇంకెక్కడ ఉండాలి, కార్నర్ మీదా? నియమం పెట్టలేదు. బదులుగా, శుక్రవారం స్కూలు టాక్సీకి చిన్న నిధి ఒకటి పెట్టాం.

అట్ట పాల డబ్బాలు పారేయం. తాగిన ఖాళీ డబ్బాలోకి చింపిన న్యూస్‌పేపరు కూరి, మూత మడిచి, కాలితో తొక్కి గుండ్రంగా చేస్తారు. అదే డాండీ షాండీ బంతి. ఇద్దరు ఆ చివరా ఈ చివరా నిలబడి విసురుతారు. మధ్యలో ఉన్న పిల్ల తగలకుండా తప్పించుకోవాలి: ఎగరాలి, వంగాలి, బంతి వచ్చేవైపు వీపు తిప్పకుండా గిరుక్కున తిరగాలి. మా దగ్గర ఒక తొమ్మిదేళ్ళ పిల్ల ఉంది, స్కూల్లో నోరు విప్పదని టీచర్ల ఫిర్యాదు. మధ్యలోకి దిగిందంటే మాత్రం విసిరేవాళ్ళ మీద ఆపకుండా వెటకారాలు. హాలంతా పగలబడి నవ్వుతుంది. ఆ పిల్ల నోరు విప్పదన్న మాట మాకు అక్కడే అబద్ధమని తేలింది. స్కూల్లో విప్పదు, అంతే.

ఎందుకంటే ఇంట్లో, వీధిలో మాట్లాడేది పట్వా. పుస్తకం, పరీక్ష ఇంగ్లీషులో. మన పల్లెల నుంచి ఇంగ్లీషు మీడియంలోకి దూకిన పిల్లల సంగతి తెలిసినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క తేడా ఉంది. పట్వాలో మాటలు చాలావరకు ఇంగ్లీషువే కాబట్టి, పిల్లలకి రానిది ఇంకో భాష అని ఎవరూ అనుకోరు, తప్పు ఇంగ్లీషు మాట్లాడుతున్నారనుకుంటారు. మా పద్ధతి మామూలుదే. అనాన్సీ అనే సాలీడు కథలు ఆఫ్రికా నుంచి బానిసల వెంట వచ్చి అక్కడ ఇంటింటా నిలిచిపోయాయి. పిల్లలు ఒక కథని పట్వాలోనే చెబుతారు, మేం అలాగే రాస్తాం, వాళ్ళే చదువుతారు. మర్నాడు అదే కథని స్కూలు ఇంగ్లీషులోకి వాళ్ళే మారుస్తారు. పదకొండేళ్ళకి పెప్ పరీక్ష ఉంటుంది. 2019లో జీశాట్ స్థానంలో వచ్చింది. దాని మార్కుల్ని బట్టే ఏ హైస్కూలో నిర్ణయిస్తారు. ఆరో తరగతి పిల్లల తల్లులు మమ్మల్ని ట్యూషన్ సెంటర్‌గా మార్చేయాలని ఏటా పట్టుబడతారు. కొంత ఒప్పుకుంటాం. మొత్తం ఒప్పుకుంటే, చదవడమే రాని మూడో తరగతి పిల్లాడికి హాల్లో బల్ల మిగలదు.

బహుమతుల బెడద

జమైకాలో 'ట్రీట్' అనేదొక సంప్రదాయం. క్రిస్మస్‌కీ, ఆగస్టులో స్కూళ్ళు తెరిచే ముందూ ఎంపీలు, వ్యాపారులు, విదేశాల్లో స్థిరపడ్డవాళ్ళు, ఒక్కోచోట డాన్‌లూ పేట పిల్లలందరికీ బొమ్మలు, నోటు పుస్తకాలు, ఐస్‌క్రీమ్ పంచుతారు. మైకు, గంతులేసే గాలి కోట, ఫొటోలు. పిల్లలకి అది పండగే, దాన్ని తిట్టను. మేం మాత్రం చేయం. ట్రీట్ అంటే ఊరంతా వస్తుంది. రాకూడని వీధి దాటి కూడా వస్తారు. వచ్చిన పిల్లలు ఏ గేటున పోవాలో మా ఫారాల్లో ఉండదు. బొమ్మ చేతబట్టుకుని ఒంటరిగా సందులో నడిచే ఏడేళ్ళ పిల్లాడి చేతిలో ఆ బొమ్మ ఇల్లు చేరేదాకా ఉండదు. దాతలకి ఇది నచ్చచెప్పడం నా ఉద్యోగంలో కష్టమైన భాగం. ఏడాది పొడవునా జావకి డబ్బివ్వని మనిషి ఒక్క మధ్యాహ్నం ట్రీట్‌కి దానికి ఎన్నో రెట్లు ఇస్తానంటాడు.

బ్యారెళ్ళది ఇంకో రకం బెడద. న్యూయార్క్, టొరంటో, లండన్‌లలో పనిచేసే తల్లులు బియ్యం, సబ్బులు, బూట్లు, బట్టలు అట్ట బ్యారెళ్ళలో కుక్కి ఓడమీద పంపిస్తారు. అమ్మమ్మల దగ్గర పెరిగే ఆ పిల్లల్ని అక్కడ 'బ్యారెల్ పిల్లలు' అంటారు. దేశానికి విదేశాల నుంచి ఏడాదికి మూడు బిలియన్ అమెరికన్ డాలర్లకు పైగా వస్తుంది. గల్ఫ్‌కి మనుషుల్ని పంపిన కడప, కోనసీమ, కరీంనగర్ ఊళ్ళవాళ్ళకి ఈ ఇళ్ళు పరిచయమైనట్టే ఉంటాయి. బ్యారెల్ వచ్చిన వారం ఆ పిల్లాడు కొత్త బూట్లతో క్లబ్‌కి వస్తాడు, పక్కవాడు ఆ రోజు కొట్లాట పెట్టుకుంటాడు. క్లబ్ లోపల అందరూ చెప్పులు విప్పాలన్న నియమం అలా వచ్చింది. చర్చి వాళ్ళు పవిత్రత కోసమనుకుని సంతోషించారు.

డబ్బు ఎటు పోతుంది

సగానికి పైగా జీతాలకే. 2024 జూన్ నుంచి జమైకా కనీస వేతనం నలభై గంటల వారానికి 15,000 జమైకా డాలర్లుగా ఉండేది, అంటే వంద అమెరికన్ డాలర్లకు కాస్త తక్కువ. ఏడాది తర్వాత మళ్ళీ పెంచారు. మేం దానికన్నా పైనే ఇస్తాం. స్వచ్ఛందంగా చేసేవాళ్ళు దొరకరా అంటే దొరుకుతారు, మంచివాళ్ళే, రెండు నెలలు ఉంటారు. సందులో వరసకి ముందు నడిచే మనిషిని కార్నర్ మీద కుర్రాళ్ళు చిన్నప్పటి నుంచి ఎరిగి ఉండాలి. "గుడ్ ఈవినింగ్, మిస్" అని వాళ్ళు పలకరించి దారిచ్చేది ఆవిడ ముఖం చూసి. ఆ పలకరింపుకి విదేశీ వాలంటీర్ ప్రత్యామ్నాయం కాదు.

దాతల్ని ఒప్పించడానికి నేను వాడే ఉదాహరణ కింగ్‌స్టన్‌దే. 1986, 87 సంవత్సరాల్లో ఈ నగరపు పేద పేటల్లో, వయసుకి తగ్గట్టు ఎత్తు పెరగని 129 మంది పసిపిల్లలతో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం ఒక పరిశోధన మొదలుపెట్టింది. కొందరికి అదనపు ఆహారం ఇచ్చారు, కొందరి ఇళ్ళకి ఆరోగ్య కార్యకర్తలు వారానికొక గంట చొప్పున రెండేళ్ళు వెళ్ళారు. ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలు చూపించి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి నేర్పారు. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే, అలా ఇంటికి మనిషి వెళ్ళిన పిల్లలు మిగతావాళ్ళ కంటే సుమారు 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని 2014లో ప్రచురించారు. మా పిల్లల వయసు వేరు, పని వేరు, కాబట్టి ఆ 25 శాతాన్ని మా ఖాతాలో వేసుకోను. అక్కడ కూడా ఖర్చు ప్రధానంగా మనుషుల మీదే అయిందని, ఆ మనుషులు దారి నడిచి ఇంటికి వెళ్ళారని మాత్రం చూపిస్తాను.

రిజిస్ట్రేషన్ గురించి ఒక్క ముక్క. 2013 నాటి ఛారిటీల చట్టం కింద సహకార, ఫ్రెండ్లీ సొసైటీల శాఖలో నమోదు చేసుకోవాలి. ఏటా లెక్కలు సమర్పించాలి. ఓపిక ఉన్నవాళ్ళకి కష్టం కాదు.

చెప్పుకోలేని మాటలు

పిల్లల మీద దెబ్బలు, అంతకన్నా చెడ్డవి కనబడతాయి. 2004 నాటి పిల్లల సంరక్షణ చట్టం ప్రకారం అనుమానం కలిగిన ఎవరైనా ప్రభుత్వానికి తెలియజేయాలి. చట్టం అంతవరకే చెబుతుంది. ఇలాంటి పేటల్లో పోలీసులకో ప్రభుత్వానికో మాట మోసినవాళ్ళని 'ఇన్ఫార్మర్' అంటారు, ఆ ముద్ర పడితే ప్రాణం మీదికి వస్తుంది. పిల్ల ఒంటి మీద వాత చూసేది మా ఆవిడ. ఆవిడ ఇల్లు ఆ పిల్ల ఇంటికి నాలుగు గేట్ల అవతల. అందుకని మా పద్ధతి ఇది: ఆవిడ చూసింది నాకు నోటితో చెబుతుంది, పేట బయట నివసించే నేను నా పేరుతో, నా సంతకంతో ఫిర్యాదు రాస్తాను. హాల్లో ఏ రిజిస్టరులోనూ ఆ మాట ఉండదు. ఆ వారం ఆ పిల్లని ఇంటికి దింపే వరస మారదు, మనిషి మారదు. మారితే ఎవరు చెప్పారో పేటకి తెలిసిపోతుంది. ప్రభుత్వ స్పందన ఒక్కోసారి చురుగ్గా, ఒక్కోసారి మందకొడిగా ఉంటుంది. ఎలా ఉన్నా, పిల్ల మర్నాడు క్లబ్‌కి వచ్చే దారి మూసుకుపోకుండా చూడడం మా చేతిలో ఉంది.

మూసిన రోజులు

కాల్పులు జరిగిన రోజు తెరవం. ఆ నిర్ణయం నాది కాదు, ముగ్గురిలో ఎవరు వద్దన్నా వద్దు. కారణం చెప్పాల్సిన పని లేదు. 2017లో ప్రత్యేక కార్యాచరణ మండలాల చట్టం వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్‌లో పశ్చిమ కింగ్‌స్టన్‌లోని డెన్‌హమ్ టౌన్‌ని అలాంటి మండలంగా ప్రకటించి, వీధుల్లో సైనికుల్ని పెట్టారు. తనిఖీ కేంద్రాలున్న పేటలో తుపాకీ మోతలు తగ్గుతాయి, తల్లులకి ఊపిరాడుతుంది. పద్నాలుగేళ్ళ మగపిల్లలకి మాత్రం అదే తనిఖీ కేంద్రం కొత్త అడ్డంకి. రెండూ ఒకే ఇంట్లో వినబడే మాటలే.

2020 మార్చిలో కోవిడ్ వల్ల స్కూళ్ళు మూతపడ్డాయి. పూర్తిగా తెరుచుకునేసరికి రెండేళ్ళు. ఆన్‌లైన్ క్లాసులన్నారు. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలకి ఒక ఫోను, అందులో డేటా ఉండదు. పిల్లలు మా దగ్గరికి రాలేరు కాబట్టి మేమే ఆ వరసల దారిని తిరగేసి నడిచాం: కవర్లలో పాఠాలు, పెన్సిలు, ఒక పాల డబ్బా, గేటు గేటుకీ. చేరిక ఫారాల్లోని ఆ నాలుగు ప్రశ్నలు ఆ రెండేళ్ళలో ఉపయోగపడినంతగా మరెప్పుడూ ఉపయోగపడలేదు. 2024 జూలై 3న బెరిల్ తుఫాను దీవి దక్షిణ తీరం పక్కనుంచి పోయింది. 2025 అక్టోబర్ 28న ఐదో కేటగిరీ మెలిస్సా పశ్చిమాన వెస్ట్‌మోర్లండ్ దగ్గర తీరం దాటి, సెయింట్ ఎలిజబెత్ వైపు ఊళ్ళని నేలమట్టం చేసింది. కింగ్‌స్టన్ దాంతో పోలిస్తే బతికిపోయింది. సాయమంతా పడమటికి పోవడం న్యాయమే. ఇక్కడ మామూలు బడ్జెట్‌కి కూడా గండి పడింది, అందుకు ఎవర్నీ తప్పుపట్టలేం.

పన్నెండో ఏడు తర్వాత

మా క్లబ్ చేతకానితనం ఇక్కడే ఉంది. ఈ నగరంలో మాకన్నా పాత సంస్థలకి దీనికి జవాబుంది. ట్రెంచ్ టౌన్‌లో 1940లో పాస్టర్ హ్యూ షెర్లాక్ స్థాపించిన బాయ్స్ టౌన్‌కి క్రికెట్, ఫుట్‌బాల్ ఉన్నాయి. జమైకా జాతీయగీతం మాటలు రాసింది ఆయనే. 1958-59లో భారత్ వచ్చిన వెస్టిండీస్ జట్టులో ఆడిన కాలీ స్మిత్ ఆ బాయ్స్ టౌన్ కుర్రాడే. ఆ పర్యటన ముగిసిన ఏడాదే ఇంగ్లండ్‌లో కారు ప్రమాదంలో ఇరవై ఆరేళ్ళకే పోయాడు. ట్రెంచ్ టౌన్ మధ్యగా వెళ్ళే రోడ్డుకి ఇప్పుడు ఆయన పేరే. 1880లో మొదలైన అల్ఫా బడికి బ్యాండు ఉంది. స్కా సంగీతాన్ని ప్రపంచానికి పరిచయం చేసిన స్కాటలైట్స్ బృందంలో డాన్ డ్రమండ్, టామీ మెకుక్ లాంటివాళ్ళు అక్కడ వాయిద్యం పట్టుకున్నవాళ్ళే. బంతో, ట్రంపెట్టో, కుర్రాడికి పదహారేళ్ళ దాకా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. మా దగ్గర జావ, కథలు ఉన్నాయి. పదమూడేళ్ళవాడు జావ కోసం రాడు.

అయితే మా పిల్లలు రాకపోవడానికి విసుగు ఒక్కటే కారణం కాదు. పెప్ ఫలితాల్లో మంచి మార్కులొచ్చిన పిల్లకి దూరంగా మంచి హైస్కూల్లో సీటొస్తుంది. రెండు బస్సులు మారాలి. తిరిగొచ్చేసరికి ఐదున్నర, ఆరు. అప్పటికి మేం తలుపులేసి వరసల్లో బయల్దేరి ఉంటాం. మార్కులు తక్కువ వచ్చినవాడు దగ్గరి స్కూలుకే వెళ్ళి రెండున్నరకి ఇంటికొస్తాడు, కానీ పన్నెండు దాటిందని మేమే వద్దంటాం. వాడికి మిగిలింది కార్నర్. బాగా చదివినవాళ్ళకి మా వేళ కుదరదు, చదవనివాళ్ళకి మా వయసు హద్దు కుదరదు.

పోయిన ఏడాది నుంచి హైస్కూలు పిల్లల కోసం శనివారం పొద్దున తొమ్మిదింటికి హాలు తెరుస్తున్నాం. పొద్దున పూట కార్నర్ మీద ఎవరూ ఉండరు, రాత్రంతా మేలుకున్నవాళ్ళు పడుకుని ఉంటారు. ఆడపిల్లలు బాగానే వస్తున్నారు, హోంవర్క్‌కి, జడలు అల్లుకోవడానికి. మగపిల్లలు బంతి ఉంటేనే వస్తున్నారు. చర్చి పక్క ఖాళీ స్థలం అడిగాం. ప్రహరీ ఒకవైపు పడిపోయి ఉంది, అది కట్టేదాకా పిల్లల్ని అందులో ఆడనివ్వమని మా ముగ్గురు ఆడవాళ్ళూ తేల్చి చెప్పేశారు. గోడ అంచనా వేయించాం. ఈసారి దాతలకి పంపిన అర్జీలో మొదటి పద్దు ఆ గోడ. రెండోది, మా దగ్గరే పెరిగి ఇప్పుడు పద్దెనిమిది దాటిన ఇద్దరికి వరస వెనక నడిచినందుకు జీతం.